నమ్మకద్రోహానికి ఇంగ్లీషులో ఒక్క మాట... టర్కీ భాషలో గుప్పెడు!

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఓ చాటెడు చిక్కుడుకాయలు ముందేసుకుని, ఈనెలు తీస్తూ కూర్చుంటే ఎన్ని కబుర్లు దొర్లుతాయో మీకు వేరే చెప్పాలా? మొన్న సంక్రాంతికి మా ఇంట్లో అలాగే కూర్చున్నాం ముగ్గురం. నేను, ఎనభై దాటిన మా పిన్ని, ఉద్యోగం మీద మూడేళ్లు ఇస్తాంబుల్‌లో ఉండి వచ్చిన మా చెల్లెలి కూతురు. అది అక్కడ చూసిన ఓ సీరియల్ కథ ఎత్తుకుంది.

నిజానికి ఆ కథ ఇంగ్లీషువాళ్లది. 2015లో బీబీసీ వాళ్లు 'డాక్టర్ ఫోస్టర్' అని తీశారు. ఆవిడ డాక్టరు. చక్కటి ఇల్లు, ఓ కొడుకు, ముద్దుగా చూసుకునే భర్త. ఓ రోజు భర్త మెడలో వేసుకునే స్కార్ఫుకి తనది కాని వెంట్రుక ఒకటి అంటుకుని కనిపిస్తుంది. అంతే! తీగ లాగితే డొంకంతా కదులుతుంది. భర్తకి ఇంకో అమ్మాయితో సంబంధం ఉంది. అదొక్కటే అయితే ఏడ్చి ఊరుకునేదేమో! తన స్నేహితులందరికీ ఆ సంగతి ముందే తెలుసు. తెలిసీ, రోజూ పలకరించి నవ్వుతూ, ఒక్కరూ నోరు విప్పలేదు. ఆవిడ గుండె పగిలింది అక్కడ. ఇదే కథని 2020లో టర్కీవాళ్లు తమ దేశానికి తగ్గట్టు మార్చుకుని 'సదాకత్‌సిజ్' అనే పేరుతో తీస్తే, 2022 దాకా ఊరూవాడా చూశారట. (2019లో హిందీలోనూ వచ్చింది లెండి, 'ఔట్ ఆఫ్ లవ్' అని.)

మా పిన్ని అంతా విని, చిక్కుడుకాయ పక్కన పెట్టి, "అయ్యో! మోసపోయింది పిచ్చితల్లి" అంది.

"అదేంటమ్మమ్మా! ఆవిడ మోసపోవడమేంటి? మోసం చేసింది మొగుడైతే!" అంది ఇది ఠక్కున.

పిన్ని ఇంకేం మాట్లాడలేదు. తల దించుకుని ఈనెలు తీయడంలో పడింది. ఆ మౌనం వెనక ఏముందో నాకు తెలుసు. అది తరువాత చెబుతాను. ముందు మాత్రం "అయితే టర్కీవాళ్లు దాన్ని ఏమంటారే?" అని అడిగాను పిల్లని, మాట మార్చడానికి. అది చెప్పడం మొదలుపెడితే చిక్కుడుకాయలు అయిపోయినా కబుర్లు అవలేదు!

ఆ సీరియల్ పేరే చూడండి. 'సదాకత్' అంటే విధేయత, నమ్మినవాళ్లను కాదనకుండా ఉండడం. 'సిజ్' అంటే లేని. మనమైతే వెంటనే 'లేనివాడా, లేనిదా' అని తేల్చాలి గదా! టర్కీ భాషలో ఆ బాధ లేదు. మాటల్లో ఆడా మగా తేడాయే ఉండదు. 'అతడు', 'ఆమె', 'అది' మూడింటికీ ఒకటే అక్షరం, 'ఓ'. కాబట్టి ఆ పేరు వింటే నమ్మకం తప్పింది మొగుడో పెళ్లామో తెలియదు. కథ చూసి తెలుసుకోవలసిందే!

పాలల్లో ముంచిన చేతులు

ముందు ఇంగ్లీషు సంగతి చూద్దాం. మన పిల్లలు కూడా ఈ మధ్య 'బిట్రే చేశాడు' అంటున్నారు గదా! ఆ 'బిట్రే' అన్న మాట పుట్టుక లాటిన్‌లో ఉంది. 'త్రాదెరె' అనే క్రియ నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి చేరింది. ఆ లాటిన్ క్రియకి అర్థమేమిటో తెలుసా? అప్పగించడం! ఒకరి చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం. అంతకుమించి అందులో మంచీ లేదు, చెడూ లేదు.

అందుకే ఆ ఒక్క వేరు నుంచే రెండు కొమ్మలు మొలిచాయి. పెద్దలు తమ దగ్గరున్నదాన్ని పిల్లలకి అప్పగిస్తే 'ట్రెడిషన్'. కోట తాళాలు శత్రువుకి అప్పగిస్తే 'ట్రెయిటర్', అంటే ద్రోహి. సంప్రదాయమూ ద్రోహమూ ఒక తల్లి పిల్లలే! మన 'సంప్రదాయం' కూడా సంస్కృతంలో 'ఇవ్వడం' అనే ధాతువు నుంచే వచ్చింది సుమా. కాకపోతే మనవాళ్లు ఆ ఇవ్వడంలోంచి ద్రోహాన్ని పుట్టించలేదు.

తెలుగు బైబిలు చదివే అక్కయ్యలకి ఇది కొత్త కాదు. ముప్ఫై వెండి నాణేలకు ఆశపడి ఇస్కరియోతు యూదా తన గురువుని పట్టిచ్చిన ఘట్టం ఉంది గదా, అక్కడ తెలుగు అనువాదంలో వాడిన మాట 'అప్పగించడం'. ద్రోహం అని గాని, మోసం అని గాని అనలేదు. మూలంలోని గ్రీకు మాటకి అర్థం కూడా సరిగ్గా అదే.

అప్పగించడం! ఈ మాట వినగానే మీకేం గుర్తొచ్చింది? నాకైతే పెళ్లిపందిట్లో అప్పగింతలే గుర్తొచ్చాయి. పాలల్లో చేతులు ముంచి, అత్తమామల చేతుల్లో ఒక్కొక్కరికీ అద్దించి, వెక్కి వెక్కి ఏడ్చి పంపిస్తారే, అవి. అక్కడ అప్పగించేది నమ్మకంతో. ఇంగ్లీషువాడి మాటలో అప్పగించేది నమ్మకాన్ని చంపి. చేసే పని ఒక్కటే, పిల్లని తీసుకెళ్లి ఎవరి చేతిలో పెట్టారన్నదే తేడా. అప్పగింతల్లో అంతగా ఏడుపెందుకు వస్తుందో ఈ రెండు అర్థాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కాస్త బోధపడింది.

ఇంగ్లీషులో ఈ ఒక్క మాటనే అన్నిటికీ వాడేస్తారు. దేశాన్ని శత్రువుకి పట్టిచ్చినా బిట్రేయే. భార్యని కాదని ఇంకో గుమ్మం తొక్కినా బిట్రేయే. స్నేహితురాలి రహస్యం నలుగురిలో చెప్పినా అదే. చివరికి, పైకి ధైర్యంగా మాట్లాడుతున్నా గొంతు వణికి లోపలి భయం బయటపడిందనుకోండి, గొంతు ఆమెను 'బిట్రే' చేసిందంటారు! మన దొడ్డ తెలుగులో అయితే 'గొంతే పట్టిచ్చేసింది' అంటాం.

హెరాల్డ్ పింటర్ అనే ఇంగ్లీషు రచయిత 1978లో 'బిట్రేయల్' అనే పేరుతో నాటకం రాశాడు. భార్య, భర్త, భర్తకి ప్రాణస్నేహితుడు. ఆ స్నేహితుడికీ భార్యకీ సంబంధం. కథ చివరినుంచి మొదటికి వెనక్కి నడుస్తుంది. భర్తకి ఈ సంగతి ఏళ్ల తరబడి తెలుసనీ, తెలిసీ తనతో మామూలుగా ఉన్నాడనీ తెలిసినప్పుడు... ఆ ప్రియుడికి ఒళ్లు మండుతుంది! ద్రోహం చేసినవాడే తనకేదో ద్రోహం జరిగినట్టు గింజుకుంటాడు. ఎవరు ఎవరికి ద్రోహం చేశారో తేల్చుకోవడం చూసేవాళ్ల పని. ఒక్క మాటే అన్నిటికీ ఉండడం ఇలాంటి నాటకానికి భలే కలిసొచ్చింది.

ఇక మనం రోజూ అనే 'చీటింగ్' ఉందే, దాని కథ వేరు. వారసులు లేకుండా పోయినవాడి ఆస్తి రాజుకి చెందడాన్ని పాత ఇంగ్లీషు చట్టంలో 'ఎస్చీట్' అనేవారు. ఆ ఆస్తులు స్వాధీనం చేసుకునే అధికారులు ఎంత న్యాయంగా ఉండేవారో గానీ, చివరికి వాళ్ల ఉద్యోగం పేరే మోసానికి పేరైపోయింది!

ఉప్పూ, రొట్టే, ఓ కప్పు కాఫీ

ఇప్పుడు టర్కీకి వద్దాం. ఇంగ్లీషువాడి ఆ ఒక్క మాటనీ టర్కీ భాషలోకి తేవాలంటే ఏ ద్రోహమో ముందు తేల్చుకోవాలి. గొంతు భయాన్ని బయటపెడితే 'ఎలె వెర్మెక్'. అక్షరాలా చేతికివ్వడం. మన పట్టివ్వడమే! దొంగని పోలీసులకి పట్టిచ్చినా అదే మాట. మొగుడు పెళ్లాన్ని మోసం చేస్తే 'అల్దాత్‌మాక్'. స్నేహితుడు అవసరానికి చెయ్యిచ్చి తన దారి చూసుకుంటే, కుర్రాళ్లు 'నన్ను అమ్మేశాడు' అంటారట. మన కుర్రాళ్లూ అదే అంటారు! నమ్మకాన్నే నరికేసిన పెద్ద ద్రోహమైతే 'ఇహానెత్'.

ఈ ఇహానెత్ అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. వచ్చింది గానీ దారిలో అర్థం మార్చుకుంది. అరబ్బీలో దానికి అర్థం అవమానం, చులకన చేయడం. టర్కీలో ద్రోహమైంది. పెళ్లైన పదిహేనేళ్లకి భర్త స్కార్ఫు మీద పరాయి వెంట్రుక చూసిన మనిషిని 'నీకు దుఃఖంగా ఉందా, అవమానంగా ఉందా?' అని అడిగి చూడండి. ఏమని చెబుతుంది? రెంటినీ విడదీయగలదా? టర్కీవాళ్లు కావాలని అర్థం మార్చారని నేననను. మాటలు అలా వాటంతటవే దొర్లుతుంటాయి. కానీ దొర్లి దొర్లి సరైన చోటే ఆగింది అనిపించింది నాకు. ఇంగ్లీషు మాట ద్రోహి ఏం చేశాడో చెబుతుంది, అప్పగించాడు అని. టర్కీ మాట పుట్టుకలో పడినవాళ్లకి ఎలా ఉంటుందో ఉంది.

అసలు అరబ్బీలో ద్రోహానికున్న మాట ఇంకోటి. అదీ టర్కీకి చేరింది, 'హియానెత్' అని. ద్రోహి 'హాయిన్'. ఈ మాటలు ఉర్దూలోనూ ఉన్నాయి గనుక మన హైదరాబాదు అక్కయ్యలకి చెవికి కొత్తగా ఉండవు. 'అమానత్‌లో ఖయానత్' అంటారు గదా, దాచమని ఇచ్చింది కాజేయడం. టర్కీలోనూ అచ్చం అదే, 'ఎమానెతె హియానెత్'. (టర్కీ రాచకుటుంబపు ఆడపడుచులు దుర్రుషెహ్వార్, నిలోఫర్ 1931లో నిజాం కొడుకులను పెళ్లాడి హైదరాబాదు వచ్చారు. మన నిలోఫర్ ఆస్పత్రి ఆవిడ పేరు మీదే. కానీ ఈ మాటలు వాళ్లతో రాలేదు, అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే పారశీకంతో పాటు వచ్చేశాయి.) టర్కీ బస్టాండుల్లో మన సామాన్లు దాచిపెట్టే గదికి కూడా 'ఎమానెత్' అనే బోర్డు ఉంటుందట. నమ్మి వదిలి వెళ్లినది. చీటీ చూపిస్తే తిరిగివ్వవలసినది. దాన్ని కాజేస్తే మనవాళ్లు 'కంచే చేను మేసింది' అంటారు.

వంటింటి పేజీ పక్కనే ఈ వ్యాసం వస్తుంది గనుక మీకు మరీ నచ్చే మాట ఒకటి చెబుతాను. చేసిన మేలు మరిచినవాణ్ణి టర్కీలో 'నాన్‌కోర్' అంటారు. పారశీకం మాట. 'నాన్' అంటే రొట్టె. మనం హోటల్లో బటర్‌తో తెప్పించుకుంటామే, అదే నాన్! 'కోర్' అంటే గుడ్డి. రొట్టె కనిపించనివాడు! తింటూనే ఉంటాడు, కానీ అది ఎవరు పెట్టారో కళ్లకి ఆనదు. పాపం, పిల్లుల్ని కూడా అలాగే తిడతారట అక్కడ. 'ఉప్పూ రొట్టెల హక్కు' అని ఇంకో మాట ఉంది. ఒకరింట ఉప్పూ రొట్టే తిన్నాక వాళ్ల పట్ల నీకో బాధ్యత ఉంటుందని. ఓ కప్పు కాఫీ ఇచ్చిన ఇంటిని నలభై ఏళ్లు గుర్తుంచుకోవాలని కూడా సామెత. మనకీ 'ఉప్పు తిన్న విశ్వాసం' ఉంది, 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం' ఉంది. వాసాలు లెక్కపెట్టేవాడు మరి తిని వెల్లకిలా పడుకున్నవాడే గదా! పెట్టిన ఇల్లాలు అప్పటికి వంటింట్లో గిన్నెలు తోముకుంటూ ఉంటుంది.

ఇప్పుడు వ్యాకరణం. భయపడకండి, రెండు నిమిషాలే!

టర్కీ భాషకీ తెలుగుకీ చుట్టరికం లేదు. అయినా వాక్యం కట్టే తీరు చూస్తే పక్కింటివాళ్లేమో అనిపిస్తుంది. క్రియ వాళ్లకీ చివరే వస్తుంది. 'భార్యను మోసం చేశాడు' అంటాం, 'భార్యకు ద్రోహం చేశాడు' అంటాం. ఒకచోట 'ను', ఇంకోచోట 'కు'. వాళ్లకీ అంతే! అల్దాత్‌మాక్‌కి 'ను', ఇహానెత్‌కి 'కు'. ఇంగ్లీషువాడికి ఈ తేడా లేదు.

వాళ్ల క్రియకి ఇంకో చమత్కారం ఉంది. జరిగినదాన్ని చెప్పేటప్పుడు, కళ్లారా చూసి చెబుతున్నావా, విని చెబుతున్నావా అన్నది క్రియ చివరే తేలిపోవాలి. తనకు తెలిసి చెబితే 'అల్దాత్తి', మోసం చేశాడు. వింటేనో, ఆనవాళ్లు చూసి పోల్చుకుంటేనో 'అల్దాత్‌మిష్'. తెలుగులో చెప్పాలంటే... మోసం చేశా'డట'! మన 'ట' వాళ్లకి 'మిష్'. ఒక్క అక్షరంతో ఎన్ని కొంపలు కూలాయో మనకి తెలుసు గదా! ఆ డాక్టరమ్మ కథంతా ఈ రెండు ముక్కల మధ్యే నడుస్తుంది. ఊళ్లోవాళ్లంతా 'ట' దగ్గర ఉన్నారు. ఆవిడ ఒక్కతే 'డు' దాకా వెళ్లవలసి వచ్చింది.

ఇక మా పిన్ని అన్న మాట దగ్గరికి వద్దాం. టర్కీలో ఒకే మొదలు నుంచి రెండు మాటలు వస్తాయి. 'అల్దాన్దిమ్' అంటే మోసపోయాను, పొరపడ్డాను. ఎండ చూసి వాన రాదనుకున్నా అల్దాన్దిమ్ అనొచ్చు. ఎవరూ మోసం చేయనక్కర్లేదు, మన తెలివితక్కువే చాలు. 'అల్దాతిల్దిమ్' అంటే మాత్రం... నన్ను ఎవరో మోసం చేశారు. పేరు చెప్పకపోయినా ఆ క్రియ వెనక ఓ మనిషి నిలబడి ఉంటాడు. భర్త వల్ల దెబ్బ తిన్న ఆడది అక్కడ అనేది ఈ రెండో మాటే అని మా పిల్ల చెప్పింది.

మనకి? 'మోసగించబడ్డాను' అని పుస్తకాల్లో రాస్తే రాస్తారేమో గానీ నోటితో ఎవరంటారు? 'మోసపోయాను' అంటాం. పాలు విరిగిపోయాయి, తాడు తెగిపోయింది, నేను మోసపోయాను. పాలు విరిగితే ఎవర్ని అడుగుతాం? గిన్నె సరిగ్గా తోమలేదేమోనని మనల్ని మనమే తిట్టుకుంటాం. మోసపోయానన్నా అంతే. వినేవాళ్లు కూడా 'అంత గుడ్డిగా ఎలా నమ్మావమ్మా?' అని మనల్నే అడుగుతారు. నమ్మించినవాడు ఆ వాక్యంలో ఎక్కడా కనపడడు. తప్పించుకుపోవడానికి వాడు ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు, మన క్రియే వాణ్ణి దాస్తుంది!

సరే, మా పిన్ని సంగతి చెబుతానన్నాను గదా.

1968లో మా బాబాయికి దూరప్రాంతం బదిలీ అయింది. చంటిపిల్లలు, అద్దె ఇల్లు, దొంగల భయం. పిన్ని తన కాసులపేరు, రెండు జతల గాజులు తెనాలి దగ్గర ఊళ్లో ఉన్న సొంత అన్నగారి ఇంట్లో దాచమని ఇచ్చింది. కాగితం లేదు, సాక్షి లేరు. అన్న దగ్గర కాగితమేమిటి? ఆయన వాటిని తాకట్టు పెట్టి ఏదో వ్యాపారంలో వాటా కొన్నాడు. నాలుగేళ్లకి పిన్ని వెళ్లి అడిగితే "ఏ గాజులే?" అన్నాడట. అన్నం తింటున్నవాడు కంచం లోంచి తలెత్తకుండా అన్నాడట, పిన్నే చెప్పింది. ఆ అన్నం వండి వడ్డించింది కూడా తనే, వదిన ఒంట్లో బాగాలేక పడుకుంటే.

అప్పటినుంచీ మా ఇళ్లల్లో ఆ సంగతి ఎప్పుడు వచ్చినా ఒకే వాక్యం. 'పిన్ని గాజులు పోయాయి.' పిన్ని కూడా 'పోయాయి' అనే అంటుంది. గట్టిగా అడిగితే 'నేనే మోసపోయాను' అంటుంది. మా మేనమామ పెళ్లిళ్లలో ముందు వరసలో కూర్చున్నాడు, తాంబూలాలు అందుకున్నాడు, నిండుగా బతికి పోయాడు. ఒక్కరూ ఆయన్ని వేలెత్తి చూపలేదు. నేనూ చూపలేదు. పండక్కి ఆయన ఇచ్చే పది రూపాయలు కళ్లకద్దుకునేదాన్ని.

కేసు పెట్టొచ్చని ఎవరికి తోచింది ఆ రోజుల్లో? దాచమని ఇచ్చిన సొమ్ము కాజేయడం అప్పుడూ నేరమే. 1860 నాటి శిక్షాస్మృతిలోనే 405, 406 సెక్షన్లు ఉన్నాయి, నేరపూరిత నమ్మకద్రోహం అని. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 316వ సెక్షను అయింది. ఇది అన్నదమ్ములకే కాదు, మొగుడికీ వర్తిస్తుంది. స్త్రీధనం, అంటే పుట్టింటివాళ్లు పెట్టిన నగలు, సామాను, భర్త దగ్గరో అత్తవారి దగ్గరో ఉన్నంత మాత్రాన వాళ్లది అయిపోదు, అది భార్య నమ్మి దాచుకున్న సొత్తే, అడిగినప్పుడు ఇవ్వకపోతే ఈ సెక్షను కిందికే వస్తుంది అని 1985లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బీరువా తాళం ఎవరి దగ్గరుందన్నది కాదు, వస్తువు ఎవరిదన్నది లెక్క. ఈ ముక్క మీ అమ్మాయిలకి కూడా చెప్పి ఉంచండి. అవసరం రాకూడదనే కోరుకుందాం!

చట్టాలు కూడా మాటల్లాగే అప్పుడప్పుడూ పక్షపాతం చూపిస్తాయి. ఇంగ్లండులో 1351 నాటి రాజద్రోహ చట్టం ప్రకారం భార్య భర్తని చంపితే అది మామూలు హత్య కాదు. చిన్న రాజద్రోహం! భర్త ఇంటికి రాజు గనుక. శిక్ష ఏమిటంటే సజీవదహనం. భర్త భార్యని చంపితే మాత్రం ఉత్త హత్య. దహనం శిక్ష 1790 దాకా ఉంది, ఆ చిన్న రాజద్రోహమనే నేరం 1828 దాకా ఉంది. విడాకులకి కూడా అంతే. 1857 చట్టంలో భార్య తప్పటడుగు వేస్తే భర్తకి అదొక్కటే చాలు. భర్త వేస్తే భార్యకి అదొక్కటే చాలదు, దానితో పాటు హింసో, వదిలేసి పోవడమో కూడా రుజువు చేయాలి. 1923లో గానీ సమానం కాలేదు.

టర్కీ తక్కువ తినలేదు. 1926లో ఇటలీ చట్టాన్ని చూసి రాసుకున్న శిక్షాస్మృతిలో, భార్య ఒక్కసారి గీత దాటితే చాలు నేరం. భర్తది నేరం కావాలంటే ఇంకో ఆడదానితో కాపురం పెట్టినట్టు ఉండాలి! ఇది సమానత్వానికి విరుద్ధమని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 1996లో భర్తల సెక్షన్నీ, 1998లో భార్యల సెక్షన్నీ కొట్టేసింది. 2004లో ప్రభుత్వం మళ్లీ నేరంగా చేయాలని చూస్తే ఆడవాళ్ల సంఘాలు వీధికెక్కాయి, ఐరోపా దేశాలూ అభ్యంతరం చెప్పాయి, వెనక్కి తగ్గింది. విడాకులకు మాత్రం ఇప్పటికీ అది కారణమే. మన దేశంలో 497వ సెక్షను 2018లో పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందులో అయితే భార్యకి ఫిర్యాదు చేసే హక్కే లేదు. భర్త ఇంకో మగాడి మీద పెట్టుకోవలసిన కేసు అది. ఆవిడేదో దొడ్లో గేదె అయినట్టు!

ఇవన్నీ చెప్పుకుంటుంటే సాయంత్రమైంది. మా ఇంట్లో బొమ్మల కొలువు, పేరంటానికి పిలిచిన వాళ్లు రావడం మొదలుపెట్టారు. పిన్ని పట్టుచీర కట్టుకుని గోడవార కుర్చీలో కూర్చుంది. పక్కవీధిలో కొత్తగా కాపురానికొచ్చిన కోడలు పిల్ల ఆవిడ పాదాలకి దణ్ణం పెట్టి, చేతులు పట్టుకుని చూసి, "అన్నీ మట్టిగాజులేనా మామ్మగారూ? బంగారు గాజులు వేసుకోరా?" అని అడిగింది. పిల్లకి తెలియదు గదా!

నేను బొట్టు పెడుతున్నదాన్ని ఆగిపోయాను. పిన్ని జవాబేమిటో నాకు కంఠతా వచ్చు, 'పోయాయమ్మా' అంటుంది.

"మా అన్నయ్య దగ్గర దాచుకున్నానమ్మా. తిరిగివ్వలేదు" అంది పిన్ని.

ఆ పిల్ల 'అయ్యో' అంది. మా చెల్లెలి కూతురు కొలువు దగ్గర బొమ్మ సర్దుతున్నదల్లా వెనక్కి తిరిగి చూసింది. పిన్ని మాత్రం నా వైపు తిరిగి, "శనగల్లో ఉప్పు సరిపోలేదే, ఇంకాస్త వెయ్యి" అంది.